పదకొండు గెలిచినంక ఏడు మండలాలు పోయినయి: ఢిల్లీ ఓట్లల్ల పొత్తుల లెక్క

పార్లమెంటు ఓట్లు వచ్చిన ప్రతిసారి మన దగ్గర ఒకటే మాట తిప్పి తిప్పి చెప్తరు. ఎంపీలను ఎక్కువ ఇయ్యున్రి, ఢిల్లీ మెడలు వంచి తెస్తం అని. 2019ల ఆ మాటకు ప్రాస గూడ కలిపిన్రు: సారు, కారు, పదహారు. పదహారు రాలే, తొమ్మిదే వచ్చినయి. అది వేరే ముచ్చట. పదహారు వచ్చినా ఢిల్లీ మెడ వంగేదా అన్నది అసలు ముచ్చట. ఆ ఏడు బీజేపీకి సొంతంగ 303 సీట్లు వచ్చినయి. సర్కారు నడిపెటందుకు కావల్సినయి 272. ఇల్లు నిండుగున్నోడు నీ గంపల ఏమున్నదో ఎందుకు తొంగి చూస్తడు?

టమాట పండించినోళ్లకు ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు. అంగట్ల సరుకు నిండిన దినం గంపంత మోసుకపోయినా దిక్కుండదు, కొరత పడ్డ దినం కిలో టమాటకు గూడ బేరం ఉంటది. ఎంపీ సీటు గూడ అసొంటిదే. దాని రేటు మనం ఎన్ని గెలిచినం అన్నదాని మీద కంటె, ఢిల్లీల గద్దెకు ఎన్ని తక్కువ పడ్డయి అన్నదాని మీద ఎక్కువ నడుస్తది. యాభై ఏండ్ల తెలంగాణ, ఆంధ్ర ఓట్ల చరిత్ర తీసి చూస్తె ఇది కండ్లకు కట్టినట్టు కనిపిస్తది. పొత్తులు ఎందుకు కలుస్తయి, ఎందుకు ఇరుగుతయి అన్నది గూడ దీంట్లనే ఉన్నది. అందుకే ఒక్కొక్కటి యాది చేసుకుందాం.

మొదాలు 1971. అంతకు రెండేండ్ల కింద 1969 ఉద్యమంల పోరగాండ్లు తుపాకి గుండ్లకు బలయిన్రు. ఆ కోపమంత ఓటయింది. తెలంగాణ ప్రజా సమితి 14 పార్లమెంటు సీట్లల్ల 10 గెలిచింది. ఇయ్యాళ్టికి గూడ అది చిన్న ముచ్చట కాదు. ఎన్నికల కేసుల అనర్హత పడి సమితి నాయకుడు మర్రి చెన్నారెడ్డి ఆ ఓట్లల్ల నిలబడనే లేదు, అయినా పార్టీ గెలిచింది. దేశమంత ఇందిరమ్మ గాలి కొడుతుంటె, ఆ గాలికి ఎదురు నిలిచి పదిమందిని పంపిన్రు మనోళ్లు. మరి ఢిల్లీల ఏం జరిగింది? ఇందిరమ్మకు 352 సీట్లు వచ్చినయి. ఈ పది ఉంటె ఎంత, లేకుంటె ఎంత? ఆ ఏడు సెప్టెంబరు వచ్చేటాలకు సమితి పోయి కాంగ్రెస్‌ల కలిసిపోయింది. బదులుగ దక్కింది ఏందయ్యా అంటె, బ్రహ్మానందరెడ్డి కుర్చీ దిగిండు, పీవీ నరసింహారావు కుర్చీ ఎక్కిండు. రాష్ట్రం అడిగినోళ్ల చేతిల ముఖ్యమంత్రిని మార్చి పెట్టిన్రు. చెన్నారెడ్డి మోసం చేసిండని పెద్దోళ్లు ఇప్పటికీ తిడుతరు. తిట్టుకోవచ్చు. గని పదిమంది ఎంపీలతోని ఆయన దగ్గర ఢిల్లీని బెదిరించే వస్తువు ఏదీ లేదన్నది గూడ యాదిల పెట్టుకోవాలె.

1984ల తెలుగుదేశం 30 గెలిచింది. ఇందిరమ్మను చంపినంక దేశమంత సానుభూతి, కాంగ్రెస్‌కు నాలుగు వందలు దాటినయి. ఎన్టీఆర్ పార్టీ లోక్‌సభల పెద్ద ప్రతిపక్షమయింది. ఒక రాష్ట్రపు పార్టీకి ఆ గౌరవం దక్కుడు అదే తొలిసారి. ఆ ఓట్లల్లనే హన్మకొండల చందుపట్ల జంగారెడ్డి పీవీని ఓడగొట్టిండు. బీజేపీకి దేశం మొత్తం మీద వచ్చిన రెండు సీట్లల్ల అదొకటి. పేరు మస్తుగ వచ్చింది, పని మాత్రం ఏం కాలే. మల్ల 1989ల ఢిల్లీల కాంగ్రెస్ పడిపోయింది, నేషనల్ ఫ్రంట్ సర్కారు వచ్చింది, ఆ ఫ్రంటుకు చైర్మన్ ఎన్టీఆరే. అసలైన బేరం అప్పుడే ఉండె. కాని ఇక్కడ తెలుగుదేశానికి వచ్చినయి రెండంటె రెండు సీట్లు. కొరత పడ్డనాడు గంప ఖాళీగ ఉన్నది. ఈ ముచ్చట గుర్తుంచుకోన్రి, 2024 కాడ మల్ల వస్తది.

బేరం ఎట్ల చెయ్యాల్నో నేర్చుకున్నది చంద్రబాబే అని ఒప్పుకోవాలె. ఇష్టమున్నా లేకున్నా. 1996ల 16 సీట్లతోని యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్ అయిండు. 1998ల బీజేపీ మీద కొట్లాడి 12 గెలిచిండు, ఓట్ల లెక్క అయిపోయినంక అదే బీజేపీ సర్కారుకు బయట నుంచి ఆసరా ఇచ్చిండు. వాజ్‌పేయికి అప్పుడు 182, ఒక్కొక్క సీటు ఏరుకోవాల్సిన కాలం. 12 సీట్ల పార్టీ మనిషి అమలాపురం బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయిండు. 1999 ఏప్రిల్‌ల ఆ సర్కారు ఒక్క ఓటుతోని పడింది. అటెన్క ఓట్లల్ల టీడీపీ, బీజేపీ కలిసి దిగి 29, 7 కొట్టినయి. కాంగ్రెస్‌కు అయిదు.

ఆ 29 సీట్లతోని తెలంగాణకు ఏమయిందో చూడున్రి. 1990ల ఆఖరుల బీజేపీ కాకినాడల ఒక ఓటు, రెండు రాష్ట్రాలు అని తీర్మానం చేసి ఉండె. 2000 నవంబరుల ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్ (అప్పుడు దాని పేరు ఉత్తరాంచల్), జార్ఖండ్ మూడు రాష్ట్రాలు పుట్టినయి. నాలుగోది పుట్టలే. టీడీపీ ఒప్పుకోలేదు గనుక ఇయ్యలేకపోయినమని బీజేపీ పెద్దలే తర్వాత చెప్పిన్రు. అంటె ఎంపీ సీటు తెచ్చుకునేటందుకే కాదు, పక్కోనికి రాకుంట ఆపేటందుకు గూడ పనికొస్తది. ఆపుడు తెచ్చుకునుడు కంటె అలక. సంతకం పెట్టకుంట కూసుంటె చాలు. అయిదు నెలలకు, 2001 ఏప్రిల్ 27న, టీఆర్ఎస్ పుట్టింది.

ఒక్క లైను, మూడు తాళాలు

2004 పొత్తును మన పోరగాండ్లకు బడిల పాఠం లెక్క చెప్పాలె. కాంగ్రెస్, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం ఒక్క దిక్కు. కాంగ్రెస్‌కు 29, టీఆర్ఎస్‌కు 5, కమ్యూనిస్టులకు చెరొకటి. టీడీపీ 29 నుంచి 5కు పడింది. అసెంబ్లీల టీఆర్ఎస్‌కు 26 వచ్చినయి. ఢిల్లీల కాంగ్రెస్‌కు 145 మాత్రమే, అంటె కొరత పెద్దదే. లెక్క ప్రకారం మన అయిదు సీట్లకు మంచి రేటు పలకాలె. కేసీఆర్ కేంద్రంల మంత్రి అయిండు, నరేంద్ర సహాయమంత్రి అయిండు. యూపీఏ ఉమ్మడి కార్యక్రమంల తెలంగాణ పేరు ఎక్కింది.

ఎక్కింది గని ఎట్ల ఎక్కింది? సందర్భం చూసుకొని, అందరితోని మాట్లాడి, ఏకాభిప్రాయం వచ్చినంక పరిశీలిస్తం అన్న అర్థంల ఒక్క లైను. దాంట్ల మూడు తాళాలున్నయి. సందర్భం ఎప్పుడొచ్చిందో చెప్పే హక్కు వాళ్లదే. మాట్లాడుడు ఎప్పుడు ఒడుస్తదో తెల్వదు. ఏకాభిప్రాయం అంటె ఒక్కడు అడ్డం తిరిగినా సాలు. తారీఖు ఒక్కటి గూడ లేదు. ఆ అడ్డం తిరిగెటోడు పొత్తుల లోపట్నే ఉన్నడు. సీపీఎం భాషా రాష్ట్రాలను ఇడగొట్టొద్దన్న పార్టీ, దాన్ని అది ఎన్నడు దాచలేదు. ఆ పార్టీకి దేశంల 43 మంది ఎంపీలు, మనకు అయిదుగురు. ఢిల్లీ ఎవని దిక్కు చూస్తదో వేరే చెప్పాల్నా. ప్రణబ్ ముఖర్జీ కమిటీ వేసిన్రు. ఉత్తరాలు రాసిన్రు. దినాలు గడిసినయి.

2006ల టీఆర్ఎస్ బయటికి వచ్చింది. సర్కారు కొంచెం గూడ కదలలే, ఎందుకంటె కమ్యూనిస్టులు 60 చుట్టుపట్ల ఉండి మోస్తున్నరు. కేసీఆర్ రాజీనామా చేసి డిసెంబరుల కరీంనగర్ ఉపఎన్నికల రెండు లక్షలు దాటిన మెజారిటీతోని గెలిచిండు. జనం ఎంత కోపం మీదున్నరో ఢిల్లీకి తెలిసింది. తెలిసినా ఇయ్యలే. 2008ల మల్ల మూకుమ్మడి రాజీనామాలు. ఈ సారి 16 అసెంబ్లీ సీట్లకు 7, నాలుగు పార్లమెంటు సీట్లకు 2 మాత్రమే నిలబడ్డయి. ఒక్కటే మందును మాటిమాటికి వాడితె పని చెయ్యదు.

ఇగ 2009. నాలుగేండ్లు తిట్టుకున్న టీడీపీ, టీఆర్ఎస్ కలిసి మహాకూటమి కట్టినయి. టీడీపీ 2008 అక్టోబరుల తెలంగాణకు ఒప్పుకుంటు తీర్మానం చేసింది, అదే పొత్తుకు తొవ్వ తీసింది. సీపీఎం ఇక్కడ గూడ ఉన్నది. తెలంగాణ ఇయ్యాల్నన్న పార్టీ, ఇయ్యొద్దన్న పార్టీ, కొన్ని నెలల కింద ఒప్పుకున్న పార్టీ ఒకే వేదిక మీద. జనం చూసిన్రు. పెద్ద నాయకులు హైదరాబాద్‌ల చేతులు కలిపితె ఊర్లల్ల ఓటు కలుస్తదనుకునుడు పొరపాటు. ఊర్లె ఆ రెండు పార్టీలు ఏండ్ల సంది సర్పంచి ఎన్నికల కొట్లాడుకున్నయి, ఒకలి మీద ఒకలు కేసులు పెట్టుకున్నరు, కాంట్రాక్టులు గుంజుకున్నరు. పొద్దుగూకె వరకు శత్రువును, తెల్లారేసరికి అన్నా అని పిలువమంటె నోరు రాదు. ఓటు బదిలీ అన్న మాట టీవీల చెప్పుడు అలక. టీఆర్ఎస్ 9 పార్లమెంటు సీట్లకు నిలబడి 2 గెలిచింది, 45 అసెంబ్లీ సీట్లకు 10. తెలంగాణ 17ల కాంగ్రెస్‌కే 12 పోయినయి.

ఆ ఎన్నికల రెండు ముచ్చట్లు ఇప్పటి పోరగాండ్లకు తెల్వయి, తెల్వాలె. ఏప్రిల్ 16న తెలంగాణల పోలింగ్ అయింది, 23న రాయలసీమ, కోస్తా జిల్లాలల్ల. ఇక్కడ పోలింగ్ అయిపోయినంక రాజశేఖరరెడ్డి నంద్యాల మీటింగ్‌ల, రేపు హైదరాబాద్ పోవాల్నంటె వీసా అడుగుతరేమో అన్నట్టు మాట్లాడిండు. ఒకటే ఎన్నిక, రెండు దఫాలు, రెండు నాలుకలు. రెండోది కేసీఆర్‌ది. పోలింగ్ అయింది, లెక్క కాలే. మే 10న లుధియానల ఎన్డీఏ సభ పెడితె, ఆయన పోయి ఆ వేదిక మీద కూసున్నడు. మహాకూటమి పేరు మీద జనం ఏసిన ఓటు ఇంకా పెట్టెల్నే ఉన్నది! ఎన్డీఏ గెలుస్తదని అంచనా. మే 16న పెట్టెలు తెరిస్తె కాంగ్రెస్‌కు 206. అంచనా తప్పింది, పరువు పోయింది.

అంటె 2009 మే నాటికి టీఆర్ఎస్ చేతిల ఉన్నది ఇద్దరు ఎంపీలు. ఢిల్లీకి వాళ్లతోని పని లేదు. పార్టీ పని ఒడిసిందని అన్ని పేపర్లు రాసినయి. ఆ రెండు సీట్ల లోక్‌సభనే, అయిదేండ్లు తిరగకముందే, తెలంగాణ బిల్లు పాస్ చేసింది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభల, 20న రాజ్యసభల.

పది సీట్లతోని రాని రాష్ట్రం, అయిదుతోని రాని రాష్ట్రం, రెండుతోని ఎట్లొచ్చింది? నవంబరు 29న కేసీఆర్ దీక్ష, డిసెంబరు 9 ప్రకటన, 23న దాన్ని ఎన్కకు తీసుకునుడు, ఊరూరా జేఏసీలు, ఉస్మానియా పిల్లలు, 2011 మార్చిల మిలియన్ మార్చ్, సెప్టెంబరు 13 నుంచి 42 దినాల సకల జనుల సమ్మె. సింగరేణి బొగ్గు ఆగింది, ఆర్టీసీ బస్సు ఆగింది, టీచర్లు రోడ్డెక్కిన్రు. ప్రాణాలు తీసుకున్న పిల్లలు ఎందరో. లోక్‌సభల లేని బలం బొగ్గుబాయి కాడ పుట్టింది. కాంగ్రెస్ ఎంపీలకు ఊర్లకు పోతె మొహం చూపెట్టుకునే తీరు లేకుంటయింది, వాళ్లే ఢిల్లీల పోరు పెట్టిన్రు. ప్రతిపక్షంల ఉన్న బీజేపీ ఓటేస్తననుడుతోని లెక్క కుదిరింది. ఇది పార్టీ పొత్తు కాదు. జనం ఒత్తిడికి రెండు పెద్ద పార్టీలు ఒక్క బిల్లు మీద కలిసినయి. ఢిల్లీకి కొరత లేనప్పుడు కొరత పుట్టించే మార్గం ఇదొక్కటే, నేను చూసినంతల.

ఏడు మండలాల ముచ్చట

రాష్ట్రం వచ్చింది. కాంగ్రెస్‌ల కలుస్తనన్న కేసీఆర్ మార్చి మొదట్ల కలువనని తేల్చి చెప్పిండు. కాంగ్రెస్ సీపీఐతోని పోయింది, టీడీపీ బీజేపీతోని పోయింది, టీఆర్ఎస్ ఒంటిగ పోయింది. ఏప్రిల్ 30న పోలింగ్. 17ల 11 టీఆర్ఎస్‌కు వచ్చినయి. 1971 తర్వాత మన ఇంటి పార్టీకి అంత బలం వచ్చుడు అదే.

గా బలంతోని పదిహేను దినాల్ల ఏం జరిగిందో చూడున్రి. ఫిబ్రవరి చట్టంలనే పోలవరం ముంపు పేరు మీద ఖమ్మం జిల్లాల కొన్ని ఊర్లను ఆంధ్రల రాసిన్రు. మే 26న మోదీ ప్రమాణం చేసిండు. నెల ఆఖరికి, ఇంకా తెలంగాణ రాష్ట్రం పుట్టకముందే, ఆర్డినెన్స్ వచ్చింది. ఊర్లు కాదు, మండలాలే పోయినయి. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం. కొన్ని ఊర్లు తీసేసి బూర్గంపాడు. టౌన్ ఒక్కటి ఇడిసి భద్రాచలం మండలం. దిగువ సీలేరు కరెంటు ప్రాజెక్టు గూడ పోయింది, 460 మెగావాట్లు, మనకు కరెంటు లేక పొలాలు ఎండుతున్న రోజుల్ల. ఆ మండలాలు కలుపకుంటె ప్రమాణమే చెయ్యనని పట్టుబట్టిన్నని చంద్రబాబు తర్వాత ఎన్నో సభలల్ల చెప్పుకున్నడు.

ఆర్డినెన్స్‌ను బిల్లు చేసుడు జులైల లోక్‌సభకు వచ్చింది. మన 11 మంది లొల్లి పెట్టిన్రు. ఒడిశా బీజేడీకి అప్పుడు 20 మంది, వాళ్లు గూడ వద్దన్నరు. కలిపితె 31. బీజేపీకి 282. బిల్లు పాస్ అయింది. అక్కడి కోయ, కొండరెడ్డి జనాన్ని ఒక్కరు అడగలే. ఏప్రిల్ 30న తెలంగాణ ఎంపీకి, తెలంగాణ ఎమ్మెల్యేకు ఓటేసిన్రు వాళ్లు. నెల తిరిగేసరికి వాళ్ల ఊరు వేరే రాష్ట్రంల ఉన్నది. వాళ్లు గెలిపించిన భద్రాచలం ఎమ్మెల్యేకు వాళ్ల ఊర్ల మీద హక్కు లేకుంటయింది.

ఇది చూసి, టీడీపీ పొత్తుల ఉన్నది గనుక బలం ఉండె, మనం లేము గనుక పోయింది అనుకోవచ్చు. సగమే నిజం. టీడీపీకి కావల్సిన అసలు వస్తువు ప్రత్యేక హోదా. పొత్తుల ఉండి, కేంద్రంల ఇద్దరు మంత్రులను పెట్టుకొని, నాలుగేండ్లు అడిగినా అది రాలే. 2016ల ప్యాకేజీ అన్నరు, 2018 మార్చిల టీడీపీ బయటికొచ్చింది. ఏడు మండలాలు ఇచ్చుడు ఢిల్లీకి ఖర్చు లేని పని, పక్కోని జేబుల నుంచి తీసి ఇచ్చుడు. హోదా ఇయ్యాల్నంటె సొంత జేబు తియ్యాలె.

ఇప్పుడు ఈ లెక్క చూడున్రి, దీన్ని మించిన రుజువు నాకు దొరకలే. 2014ల టీడీపీకి 16 ఎంపీలు: ఆంధ్రల 15, ఇక్కడ మల్కాజిగిరి ఒకటి. 2024ల టీడీపీకి 16 ఎంపీలు. అదే పార్టీ, అదే నాయకుడు, అదే బీజేపీతోని పొత్తు, ఎదురుంగ అదే ప్రధానమంత్రి. 2014ల బీజేపీకి 282, 2024ల 240. జులై బడ్జెట్‌ల అమరావతికి 15,000 కోట్లు ఇప్పిస్తమని చదివిన్రు. అప్పు రూపంలనా, గ్రాంటు రూపంలనా అన్న పంచాయితీ తర్వాత నడిచింది గని, పదేండ్ల కింద దొరకని మాట దొరికింది. మారింది ఒకటే, ఢిల్లీ కొరత.

నడుమ జగన్‌మోహన్‌రెడ్డి కథ ఇంకా చిత్రం. 2019ల 25ల 22 గెలిచి ఢిల్లీకి పోయిండు. వచ్చి పేపరోళ్లకు ఉన్నదున్నట్టు చెప్పిండు: బీజేపీ 250 కాడ ఆగి ఉంటె మన మాట చెల్లేది, ఇప్పుడు అడుక్కుంట ఉండుడే అన్న అర్థంల. రాజకీయ నాయకుని నోట అసొంటి నిజం అరుదుగ వస్తది. అయిదేండ్లకు బీజేపీ నిజంగనే 250 కింద ఆగింది. అప్పటికి ఆయన దగ్గర మిగిలినయి నాలుగు.

ఢిల్లీ ఓటు వేరయినంక

మన దిక్కు తిరిగి చూద్దాం. 1999 నుంచి 2014 దాంక అసెంబ్లీకి, పార్లమెంటుకు ఒకటే దినం ఓటు. అందుకే పొత్తుల బేరం రెండు నాణేలతోని నడిచేది: ఎమ్మెల్యే సీట్లు నాకు, ఎంపీ సీట్లు నీకు. 2018 సెప్టెంబరుల కేసీఆర్ అసెంబ్లీని ముందుగాల రద్దు చేసిండు. డిసెంబరుల 119కి 88 వచ్చినయి. కాంగ్రెస్, టీడీపీ, సీపీఐ, కోదండరాం సార్ పార్టీ కలిసి కట్టిన కూటమికి 21 వచ్చినయి, చంద్రబాబును పక్కన పెట్టుకుంటె తెలంగాణల ఓటు ఏ దిక్కు పోతదో కాంగ్రెస్‌కు గప్పుడు సమజయింది. గెలిచినోళ్లకు మాత్రం ఒక ముచ్చట సమజ్ కాలే. నాలుగు నెలలకు ఢిల్లీ ఓటు వేరుగ వచ్చేసరికి జనం ముందు ప్రశ్న మారింది. మోదీనా, రాహులా? ఇందుల ఇంటి పార్టీ పేరే లేదు. బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3 పోయినయి.

నిజామాబాద్ ముచ్చట చెప్పకుంట ముందుకు పోలేను. పసుపు బోర్డు కావాలె, ఎర్రజొన్నకు ధర కావాలె అని 170 మందికి పైగ రైతులు నామినేషన్లు వేసిన్రు. మొత్తం 185 మంది పోటీల ఉంటె ఓటు మిషన్లను వరుసగ పేర్చాల్సి వచ్చింది. ముఖ్యమంత్రి బిడ్డ ఓడిపోయింది. గెలిచినోడు బోర్డు తెస్తనని బాండు పేపర్ మీద రాసిచ్చినోడు, అయిదు దినాల్ల తెస్తనన్న బోర్డుకు అయిదేండ్లు దాటినయి. 2023 అక్టోబరుల, అసెంబ్లీ ఓట్ల ముంగట, ప్రధాని పాలమూరు వచ్చి ప్రకటించిండు. 2025 జనవరిల తెరిచిన్రు. దీనికి ఎంపీ పేరు రాసుకుంటరు రాసుకోనియ్, నామినేషన్ పట్టుకొని లైన్ల నిలబడ్డ రైతు చేసిన పని అది.

ఆ పదేండ్లు లోక్‌సభల టీఆర్ఎస్ ఏం చేసిందన్నది గూడ లెక్క చూడాలె. నోట్ల రద్దుకు తలూపింది. జీఎస్టీకి ఓటు. రాష్ట్రపతిగ కోవింద్‌కు ఓటు. 2018 అవిశ్వాసం నాడు ఓటెయ్యలే. 2019ల సమాచార హక్కును సన్నం చేసిన సవరణకు మద్దతు, 370 రద్దుకు మద్దతు. మల్ల పౌరసత్వ సవరణకు ఎదురు, 2020 సాగు చట్టాలకు ఎదురు, 2022 ఏప్రిల్‌ల వడ్ల మీద ఢిల్లీల దీక్ష. దోస్తా, దుష్మనా అన్నది జనానికి తెల్వలే. పొత్తు పెట్టుకుంటె కాగితం మీద షరతులన్న ఉంటయి. రాసుకోని దోస్తీల అడిగేటందుకు ఏం ఉండదు. బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఆరు నెలల్ల తేల్చాల్నని విభజన చట్టంల ఉన్నది, తేల్లే. యూపీఏ ఒప్పుకున్న ఐటీఐఆర్ పోయింది. కాజీపేటల కోచ్ ఫ్యాక్టరీ అడిగితె 2023ల వ్యాగన్ యూనిట్‌కు శంకుస్థాపన. గిరిజన యూనివర్సిటీ బిల్లు 2023 డిసెంబరుల, తొమ్మిదేండ్లకు.

అన్నింటికంటె పెద్ద దెబ్బ 2024ల తగిలింది. పేరుల నుంచి తెలంగాణను తీసేసి భారత రాష్ట్ర సమితి చేసుకున్నంక వచ్చిన తొలి పార్లమెంటు ఓట్లు. మార్చిల బీఎస్పీతోని పొత్తు అన్నరు, పదిపదిహేను దినాలు గూడ నిలవలే, బీఎస్పీ రాష్ట్ర అధ్యక్షుడే వచ్చి పార్టీల చేరిండు. కాంగ్రెస్ 8, బీజేపీ 8, మజ్లిస్ ఒకటి. బీఆర్ఎస్ సున్నా. ఆరు నెలల కింద అసెంబ్లీ ఓట్లల్ల 37 శాతం వచ్చిన పార్టీకి 17 శాతం గూడ రాలే. అదే నడిమిట్ల బీజేపీ 14 నుంచి 35కు పోయింది. 1989ల ఎన్టీఆర్‌కు అయినట్టే అయింది. పదేండ్లకు ఢిల్లీల కొరత పడ్డ ఏడే మన గంప ఖాళీ.

బీజేపీ ఎంపీలు ఎనమండుగురు లేరా, ఇద్దరు మంత్రులు గూడ ఉన్నరు గదా అని అడుగుతరు. ఉన్నరు. సొంత పార్టీ ఎంపీ పార్టీని ఇడిసిపోతనని బెదిరియ్యలేడు. ఇంట్ల మనిషి అలిగితె ఆ పూట తిండి మానేస్తడు, ఇల్లు కూలదు. ఇంటికి ఆసరాగ నిలబెట్టిన గుంజ కదిలితెనే భయం. అందుకే అమరావతి పేరు చదివిన ఆ బడ్జెట్ మీదనే తెలంగాణ అసెంబ్లీ నిరసన తీర్మానం చెయ్యాల్సి వచ్చింది. కాంగ్రెస్ ఎనమండుగురి సంగతి గూడ అంతే, వాళ్లు ప్రతిపక్షం, మాట్లాడుతరు, లెక్కల పడరు. మజ్లిస్ ఒక్కటే 1984 సంది హైదరాబాద్ సీటు పట్టుకొని, ఇక్కడ ఎవల సర్కారుంటె వాళ్లతోని సర్దుకుంట తన పని తాను చేసుకుంటది. దాన్ని తప్పు పట్టేటోళ్లు దాని చేతిల ఒకటే సీటున్నదని మర్చిపోతరు.

ఇంత చరిత్ర చూసినంక రేపటి పొత్తును ఎట్ల చూడాలె? నన్నడిగితె ఎవడు ఎవని పక్కన కూసున్నడన్నది రెండో ముచ్చట. షరతు కాగితం మీద ఉన్నదా? దాని మీద తారీఖు ఉన్నదా? పొత్తుల లోపట్నే దాన్ని వద్దనెటోడు ఉన్నడా, వాని సీట్లు మన సీట్ల కంటె ఎక్కువనా? అడుగుతున్నది ఢిల్లీ సొంత జేబుల నుంచి ఇయ్యాల్సిందా, పక్క రాష్ట్రం నుంచి గుంజి ఇయ్యాల్సిందా? 2004ల ఈ నాలుగు అడిగి ఉంటె ఒక్క లైనుకు అంత సంబురపడకపోదుము.

ముందు వచ్చేది నియోజకవర్గాల పునర్విభజన. లోక్‌సభ 543ల మనకు 17. జనాభా ఒక్కటే చూసి పంచితె పిల్లలను తక్కువ కన్న దక్షిణాదికి వాటా తగ్గుతదని భయం. 2025 మార్చి 22న చెన్నైల స్టాలిన్ మీటింగ్ పెడితె రేవంత్‌రెడ్డి పోయిండు, కేటీఆర్ పోయిండు. ఇక్కడ పొద్దున లేస్తె తిట్టుకునేటోళ్లు అక్కడ ఒక్క టేబుల్ కాడ కూసున్నరు. అసొంటి మీటింగ్‌ల కూసునుడు మంచిదే. టీడీపీ మాత్రం రాలే. దాని 16 సీట్లకు రేటు పలుకుతున్నది ఢిల్లీల, చెన్నైల కాదు.

భద్రాచలం రాములవారి గుడి తెలంగాణల ఉన్నది. దేవుని భూములు పురుషోత్తపట్నంల ఉన్నయి, అది ఆంధ్ర. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ అయిదూర్లు భద్రాచలాన్ని ఆనుకొనే ఉన్నయి. దవాఖానకు, అంగడికి వాళ్లు వచ్చేది ఇటే. 2022 జులైల గోదారి 71 అడుగులు దాటినప్పుడు మమ్ముల తెలంగాణల కలుపున్రి అని మల్ల రోడ్డెక్కిన్రు. వాళ్ల ఓటు ఇప్పుడు అరకు పార్లమెంటు కింద ఉన్నది. 2024ల ఆ సీటు వైసీపీ గెలిచింది, ఢిల్లీ సర్కారును మోస్తున్న పార్టీ కాదు. ఇటు మన పదిహేడుగురిల ఆ అయిదూర్ల ఓటుతోని గెలిచినోడు ఒక్కడు గూడ లేడు.